పొట్టలో గుండె

కొట్టుకుంటోంది అనుకున్నాడు, కళ్ళు మూసుకుని, ఎడమచేతిలో ఎలుకని ఒడుపుగా పట్టుకుని, కుడిచేతి రెండు వేళ్ళూ దాని పొట్టకి ఆనించి, కొట్టుకుంటోంది, నెమ్మదిగా, నీరసంగా, కానీ కొట్టుకుంటోంది, ఉండు, తొందరపడకు, ఇంకొంచెం ఒత్తి చూడు, అదిగో, మళ్ళీ. ఈ ఎలుకకి రెండు గుండెలు. ఒకటి పుట్టుకతో తెచ్చుకున్నది, పక్కటెముకల వెనకాల దాని మానాన అది దడదడలాడుతూ ఉంటుంది, దాని జోలికి ఎవరూ పోరు. రెండోది ఇంకో ఎలుకది, ఇక్కడ పరిశోధన చేసే మేడం మైక్రోస్కోపులోకి చూస్తూ వెంట్రుక కన్నా సన్నటి దారంతో దీని పొట్టలో కుట్టింది. దానికక్కడ పనేమీ లేదు, ఒంటికి రక్తం తోడక్కర్లేదు, ఊరికే కొట్టుకోవడమే దాని ఉద్యోగం, అది కొట్టుకున్నన్నాళ్ళూ ఎలుక ఒళ్ళు పరాయి మాంసాన్ని ఒప్పుకున్నట్టు, ఆగిన రోజున తరిమేసినట్టు. రోజూ పొద్దున్నే వచ్చి పెట్టెల్లోంచి ఒక్కోదాన్నీ తీసి, పొట్ట మీద వేళ్ళు పెట్టి, ఉందో పోయిందో చెప్పడం అతని పని. చెల్లెలు అతనికి పెట్టిన పేరు ఎలుకల డాక్టరు. ఆ చెల్లెలే ఇప్పుడు ఊరికి ఆ చివర ఆస్పత్రి మంచం మీద ఫోను పట్టుకుని కూర్చుని ఉంటుంది, ఇంకాసేపట్లో అక్కడి డాక్టరు రౌండ్స్‌కి వస్తాడు, ఇంజెక్షన్లు మొదలుపెట్టమంటారా వద్దంటారా అని అడుగుతాడు, ఆవిడగారు ఏం చెప్పాలో ఈ ఎలుక పొట్ట తేల్చాలి.

ఎవరితోనైనా అంటే నవ్విపోతారు. నిన్న సాయంత్రం ఆ వార్డులో పక్క మంచాల వాళ్ళు చెవులు రిక్కించి వింటుండగా ఇద్దరూ చిన్నపిల్లల్లా పోట్లాడుకున్నారు. అతను ఇచ్చిన కిడ్నీలోంచి పరీక్ష కోసం తీసిన ముక్కలో అంతా స్పష్టంగా ఉందనీ, ఒళ్ళు దాన్ని తరుముతోందనీ, ఇప్పుడు గట్టి మందులు ఎక్కిస్తే కొంతైనా దక్కుతుందనీ, రేపు పొద్దున దాటితే ఇచ్చినా ఒకటే ఇవ్వకపోయినా ఒకటేననీ డాక్టరు విడమరిచి చెప్పి వెళ్ళాడు. వద్దంది. ఎందుకొద్దే అంటే, మళ్ళీ ఆ మాత్రలు, మళ్ళీ ఆ వణికే చేతులు, నావల్ల కాదంది. మళ్ళీ ఆ డయాలసిస్ కుర్చీ, ఆ గొట్టాలు, అవి నీవల్ల అవుతాయా అని అతను గొంతు పెంచాడు. ఆ మాటకి మాత్రం దుప్పటి అంచు మడతలు పెట్టింది. తర్వాత తలెత్తి, చిన్నప్పుడు ఆటలో ఓడిపోయేటప్పుడు చూసే చూపొకటి చూసి, "మొండిది ఎలా ఉంది?" అని అడిగింది. మొండిది అంటే ఈ ఎలుకే.

"బానే ఉంది," అన్నాడు, అబద్ధమాడే తెలివి ఆ క్షణానికి రాక.

"కొట్టుకుంటోందా?"

"ఆఁ."

"మందు లేకుండా?"

"లేకుండానే. కానీ అది ఎలుకే తల్లీ, నువ్వు..."

"అయితే పొద్దున్నే చూసి చెప్పు. ఆగిపోయిందంటే నీ ఇష్టం, ఎన్ని పొడిచినా పొడిపించుకుంటా, కిక్కురుమనను. కొట్టుకుంటోందంటే మాత్రం నన్నొదిలెయ్. ఇక పో, నీ ఎలుకల దగ్గరికి పో."

పోక ఏం చేస్తాడు. వచ్చాడు. రాత్రంతా కంటి మీద కునుకు లేదు, భార్య లేచి ఏదైనా తిని వెళ్ళమంటే వినిపించుకోలేదు, గౌను తొడుక్కుని, మాస్కు కట్టుకుని, చెప్పులు మార్చుకుని, ఈ గదిలోకి ఫోను తేకూడదన్నది తను అందరికీ చెప్పే మాటే అయినా ఈవేళ జేబులో వేసుకుని మరీ వచ్చాడు. గదికి కిటికీ లేదు. లైట్లు వాటంతటవే వెలుగుతాయి, వాటంతటవే ఆరిపోతాయి, ఎలుకలకి పగలూ రాత్రీ ఆ స్విచ్చే. రంపంపొట్టు వాసన, దాని కింద ఉచ్చ వాసన, దాని మీద శుభ్రం చేసే మందు వాసన, కొత్తలో ఇంటికెళ్ళాక కూడా ముక్కులోంచి పోయేది కాదు, ఇప్పుడు ఉన్నట్టే తెలీదు. స్టీలు అరల్లో ప్లాస్టిక్ పెట్టెలు, పెట్టెకో ఎలుక. మందు ఆపేసిన గుంపు వాళ్ళది కింది అర, వాళ్ళు అనడం అతనికి అలవాటు, చెల్లెలు వెక్కిరిస్తుంది, ఏం వాళ్ళేమన్నా నీ మేనత్త కొడుకులా అని. ఆ అరలో ఇప్పుడు అన్నీ ఖాళీ పెట్టెలే, కడిగి బోర్లించినవి. మిగిలింది ఇదొక్కటే.

మేడం చూడాలనుకున్నది ఒకటే, పొట్టలో గుండె పెట్టాక కొన్నాళ్ళు మందిచ్చి, ఒళ్ళు కాస్త అలవాటు పడ్డాక ఆపేస్తే ఏమవుతుందా అని. అసలు మందే ఇవ్వకపోతే వారం తిరక్కుండా గుండె ఆగిపోతుంది, అది ఎప్పుడో తేలిన సంగతి. మందిస్తూ పోతే ఆగదు, అదీ తెలిసిందే. ఇచ్చి ఆపేస్తే? ఒళ్ళు మర్చిపోతుందా, ఇంటికొచ్చిన చుట్టం ఇంట్లో మనిషైపోయినట్టు, ఎవరు నువ్వు అని అడగడం మానేస్తుందా? మానలేదు. ఒకదాని తర్వాత ఒకటి, ఈవేళ టపటపా కొట్టుకున్నది రేపటికి బరువుగా, ఎల్లుండికి తుమ్మెద రెక్కాడినట్టు సన్నగా, ఆ తర్వాత ఏమీ ఉండదు, వేళ్ళ కింద గట్టి ఉండ ఒకటి తగులుతుంది. ఆగిన రోజే ఎలుకని గ్యాసు పెట్టెలో పడుకోబెట్టాలి, ఆ గుండె తీసి సీసాలో వెయ్యాలి, ఆలస్యమైతే అది కుళ్ళిపోయి పరీక్షకి పనికి రాదు. చిత్రమేమిటంటే ఆ పూట కూడా ఎలుక హాయిగానే ఉంటుంది. మేత బిళ్ళ రెండు చేతుల్లో పట్టుకుని కొరుకుతూ ఉంటుంది, పొట్టలో చచ్చిన దానితో దానికేం సంబంధం, దాని గుండె దానికుంది. చెల్లెలికి మాత్రం ఆ వెసులుబాటు లేదు. ఆమె సొంత కిడ్నీలు రెండూ ఎప్పుడో ఎండిపోయాయి, ఉన్నదల్లా అతనిదే, అది పోతే మళ్ళీ ఇవ్వడానికి అతని దగ్గర ఇంకోటి ఉంది గానీ అది కాస్తా ఇచ్చేస్తే తను బతకడు. అదైనా ఇస్తానని మనసులో ఎన్నిసార్లు అనుకున్నాడో, అనుకుని ఏం లాభం, తీసుకునే డాక్టరుండాలిగా.

నోరు జారింది తనే. ఆ రోజు చెల్లెలు భోజనానికొచ్చింది, కంచం ముందు కూర్చుని ఏదో మాటల మధ్యలో అడిగినట్టు, "మందు ఆపేస్తే ఏమవుతుందన్నయ్యా, నీ ఎలుకలకి?" అంది. ఆ అడగడంలో ఏముందో అప్పుడు తెలీలేదు. ఇంట్లో అతని ఉద్యోగం గురించి అడిగే నాథుడే లేడు, భార్యకి వినడమే అసహ్యం, అన్నం దగ్గర ఎలుకల మాటెత్తితే చెయ్యి కడిగేసుకుంటానంటుంది, అలాంటిది చెల్లెలు అడిగేసరికి పొంగిపోయి పూసగుచ్చినట్టు చెప్పాడు. అన్నీ పోతున్నాయే, ఒక్కటి మాత్రం ఉంది చూడు, ఏం మొండిదో, మందూ లేదు మాకూ లేదు, గుండె మాత్రం టకటకలాడుతోంది, మేడం దాన్ని నెత్తిన పెట్టుకుని చూస్తోంది, దాని రక్తంలో ఏముందో కనిపెడితే ఇక మీ అందరికీ మాత్రల బాధ పోతుంది అన్నాడు. చెల్లెలు అన్నం కలుపుతూ ఆగింది. "అంటే ఒక్కోళ్ళకి అక్కర్లేదన్నమాట," అంది. అక్కర్లేదన్నమాట, అన్నాడు తనూ, పెరుగు వేసుకుంటూ. అప్పటికే మానేసిందట. మాత్రల డబ్బా తెరిచి, ఏ పూటవి ఆ పూట తీసి, సింకులో పారేసేదట.

మందిచ్చినన్నాళ్ళూ ఎలుక తనంతట తను మానెయ్యలేదు. రోజూ మెడ వెనక చర్మం పట్టుకుని ఎత్తి, తల కాస్త వెనక్కి వంచి, చివర గుండు ఉన్న వంకర సూది నోట్లోంచి పొట్టలోకి పోనిచ్చి సిరంజి నొక్కితే మందు లోపలికి పోయినట్టే, ఇష్టం ఉందా లేదా అని ఎవరూ అడగరు, ఒళ్ళు వణుకుతోందనీ నోరు చేదనీ చెప్పుకోడానికి దానికి నోరు లేదు. అతని చెయ్యి మంచిదని అందరూ అంటారు, అతను పట్టుకుంటే ఎలుక గింజుకోదు. పసిపిల్లగా చెల్లెలికి దగ్గు మందు పోసిందీ అతనే. అమ్మ రెండు చేతులూ పట్టుకునేది, అతను ముక్కు మూసి చెంచా నోట్లో పెట్టేవాడు, గుటక పడేదాకా వదిలేవాడు కాదు, మింగాక కందిరీగలా మీదపడి కరిచేది, అందుకే కందిరీగ అని పేరు పెట్టాడు. ఆ కందిరీగకి ఇప్పుడు ముక్కు మూసేదెవరు? ఇంత వయసొచ్చిన మనిషి, సొంత కొట్టు నడుపుకుంటున్న మనిషి, వేళకి వేసుకున్నావా అని అడిగితే వేసుకున్నా అంటుంది, నమ్మక చస్తామా. మెడ పట్టుకుని పోసి ఉండాల్సింది, రోజూ, పెళ్ళాం తిట్టినా సరే, పొద్దునా సాయంత్రం వాళ్ళ గుమ్మంలో నిలబడి పోసి ఉండాల్సింది.

కానీ ఆ చేతులు. కళ్ళజోళ్ళ కొట్టు ఆమెది. నాన్న పోయాక మూసేద్దామని అందరూ అంటే నేను చూసుకుంటానని కూర్చుంది, నాన్నకన్నా బాగా చూసుకుంది. ఆవగింజంత స్క్రూలు, గోటి మీద నిలబెట్టి, పురికొసంత స్క్రూడ్రైవరుతో తిప్పేది, ఎదురుగా కూర్చున్న ముసలివాళ్ళ చెవుల వెనక కమ్మీ వంచేటప్పుడు వెంట్రుక కూడా కదిలేది కాదు. కిడ్నీ పెట్టాక మాత్రలు మొదలయ్యాయి, మాత్రలతో వణుకు మొదలైంది. పెద్దగా ఏం కాదు, గ్లాసు పట్టుకుంటే నీళ్ళు అంచు దాకా వచ్చి ఊగుతాయి, అంతే. ఆ అంతే చాలు స్క్రూ కిందపడ్డానికి. కొట్టు నేల మీద దీపం పెట్టుకుని మోకాళ్ళ మీద పాకుతూ వెతుక్కుంటుంటే అతను ఒకసారి గుమ్మంలోంచి చూసి, కనిపించకుండా వెనక్కి వచ్చేశాడు. ఒక పెద్దాయన తన కంటి దగ్గరికి ఆ చెయ్యి రాగానే మొహం వెనక్కి లాక్కున్నాడట. ఏమీ అనలేదట పాపం, నవ్వాడట, ఇంకో కొట్లో చేయించుకుంటాలే అమ్మా నీకెందుకు శ్రమ అన్నాడట. ఆ నవ్వు గురించి చెల్లెలు చాలాసార్లు చెప్పింది. దానికన్నా తిట్టినా బావుండేది అంది. డాక్టరుకి చెబితే మోతాదు తగ్గించి చూశాడు, ఒళ్ళు ఎదురు తిరిగే సూచనలు కనిపించి మళ్ళీ పెంచాడు, వణుకుతో బతకడం నేర్చుకోండి, బతకడం ముఖ్యం కదా అన్నాడు. నిజమే కదా అని అతనూ అన్నాడు. ఇప్పుడు తలుచుకుంటే అంత తేలిగ్గా ఎలా అన్నాడో తనకే తెలీదు, తన చేతులు వణికితే ఎలుకని పట్టుకోగలడా తను?

ఆ తర్వాత ఒకరోజు దారిలో కదా అని కొట్టుకెళ్తే, అతని కళ్ళజోడు లాక్కుని, వదులైపోయింది చూసుకోవా అంటూ క్షణంలో బిగించి ఇచ్చింది. చేతులు రాయిలా ఉన్నాయి. మొహం వెలిగిపోతోంది. అలవాటు పడిపోయిందన్నమాట ఒళ్ళు అనుకుని సంబరపడ్డాడు, బజారులో దోవ పొడవునా ఆ శుభ్రమైన కళ్ళజోట్లోంచి లోకాన్ని చూసుకుంటూ ఈలవేసుకుంటూ నడిచాడు, వెధవ. పొద్దున లేస్తే ఆ మందు సిరంజిలోకి ఎక్కించే మనిషికి, మందు తగ్గితేనే వణుకు తగ్గుతుందని పుస్తకం చూడకుండా చెప్పగలిగిన మనిషికి, ఆ చేతులు చూసి అడగాలని తోచలేదు. సంతోషంలో ఉన్నవాడు అడగడు. కాళ్ళు వాచి, మొహం ఉబ్బి, మెట్లెక్కలేక కొట్టు ముందు కూలబడ్డ రోజునే తెలిసింది అందరికీ. అప్పుడు కూడా ఆస్పత్రికి ఆటోలో తీసుకెళ్తుంటే వెక్కిళ్ళ మధ్య ఒకటే మాట, "ఎంత బాగా చేశానో తెలుసా అన్నయ్యా, ఈ రెండు నెలలూ, ఒక్క స్క్రూ కూడా పడలేదు." కోపం రావాలి. రాలేదు. ఇప్పటికీ పూర్తిగా రావడం లేదు, అదే అతని బాధ.

ఒకే రక్తం కదా, దానికి మందెందుకు అనేది మొదట్లో. అన్న కిడ్నీ చెల్లెలికి పరాయిదెలా అవుతుంది, నీ చొక్కా నేను తొడుక్కోలేదా, నీ కంచంలో నేను తినలేదా, ఒళ్ళుకి ఆ మాత్రం బుద్ధి ఉండదా? ఉండదే, ఒళ్ళుకి చుట్టరికాలు తెలీవు అని నవ్వేవాడు. ఆపరేషను అయ్యాక ఇద్దరినీ పక్కపక్క గదుల్లో ఉంచారు, గోడ మీద తట్టి పిలిచేది, నీ కిడ్నీ వచ్చాక నాకు నీ బద్ధకం కూడా పట్టుకుందిరా నాయనా అని అరిచేది, నవ్వితే కుట్లు లాగేవి, పొట్ట పట్టుకుని నవ్వేవాడు. అమ్మ అటూ ఇటూ తిరుగుతూ ఎవరి దగ్గర కూర్చోవాలో తెలీక నడవాలో కుర్చీ వేసుకుంది. అమ్మ ఇప్పుడు లేదు. ఉంటే ఈ పందెం సంగతి విని ఇద్దరి వీపులూ చితగ్గొట్టేది, ఎలుక గుండెతో మనిషి ప్రాణానికి పందెమేమిట్రా అని. అవును, పందెమేమిటి, ఎందుకొప్పుకున్నాడు? ఒప్పుకోకపోతే ఆ ఒక్క కిటికీ కూడా మూసేసుకునేది, అందుకని.

మళ్ళీ ఒత్తి చూశాడు. ఉంది. పోయిన వారం మేడం మీటింగుకని ఊరెళ్తూ, అంతా నీ వేళ్ళ మీదే ఉంది అని నవ్వుతూ చెప్పి వెళ్ళింది, రోజూ రాత్రి ఫోను చేసి ఉందా అని ఒక్క మాట అడుగుతుంది, ఉంది మేడం అంటే అటునుంచి ఊపిరి వదలడం వినిపిస్తుంది. ఆవిడకీ ఇదే ఆశ, ఇన్నేళ్ళ పనికి ఇదొక్కటే ఫలం. ఈవేళే వస్తోంది, నేరుగా ఇక్కడికే వస్తుంది. ఉందని అతను చెప్పడం మొదట ఉద్యోగం, చెల్లెలు ఆస్పత్రిలో పడ్డాక అది ఉద్యోగం కాదు. దీన్ని చేతిలోకి తీసుకునేటప్పుడల్లా, నువ్వు ఉండవే తల్లీ, నువ్వు నిలబడితే నా కందిరీగ కూడా నిలబడుతుందేమో అనుకునేవాడు, పైకి అనేవాడు కూడా, గదిలో ఎవరూ లేకపోతే. ఇన్నాళ్ళూ కొట్టుకోవే అని దీన్ని బతిమాలాడు. నిన్న సాయంత్రం నుంచి ఆగిపోవే అని బతిమాలుతున్నాడు. ఆగిపో, నీకొచ్చే నష్టమేముంది, నీ గుండె నీకుంది, ఈ పనికిమాలింది ఆగితే నా చెల్లెలు సరేనంటుంది. ఆగడం లేదు. పాడు ఎలుక, మొండి ముండ, సరిగ్గా ఈవేళే కొట్టుకుంటోంది.

అయితే అబద్ధం చెబుతాడు. ఎందుకు చెప్పకూడదు? ఎవరికి నష్టం? ఆగిపోయిందే, పొద్దున చూసేసరికి లేదు, అంతే, రెండు ముక్కలు. చెల్లెలు ఇక్కడికొచ్చి చూస్తుందా, చూసినా దాని వేళ్ళకి తెలుస్తుందా. ఇంజెక్షన్లు పడతాయి, కొంతైనా దక్కుతుంది, చేతులు వణికితే వణుకుతాయి, కొట్టులో ఇంకో మనిషిని పెడదాం, చెల్లెలు కూర్చుని కళ్ళు పరీక్ష చేస్తే చాలదూ, తర్వాతెప్పుడో నిజం తెలిస్తే తిడుతుంది, తిట్టనీ, తిట్టడానికి బతికుంటుంది కదా. గొంతు సవరించుకుని "ఆగిపోయిందే," అన్నాడు ఎలుకతో. బాగా రాలేదు. "పోయిందే. పొద్దున్నే చూశా." ఇది కొంచెం నయం. మొండిది మీసాలాడిస్తూ అతని మొహంలోకి చూసింది, గులాబీరంగు కాళ్ళు గాల్లో పెట్టుకుని, వేళ్ళ కింద అది మాత్రం నిదానంగా, ఒకటి, మళ్ళీ ఒకటి, మళ్ళీ ఒకటి. "ఆగిపోయిందే తల్లీ, నేనేం చెయ్యను," అన్నాడు, ఈసారి గొంతు అచ్చం నిజంలా ఉంది.

ఫోను మోగింది. జేబులో, తొడకి ఆనుకుని, ఆ మూసిన గదిలో గోడలు అదిరేలా. గుండె గుభేలుమంది. వేళ్ళ కింద కూడా గుభేలుమంది. ఇప్పటిదాకా నిదానంగా ఒక్కొక్కటే కొట్టుకున్నది ఒక్కసారిగా లేచి దబదబదబా పరుగెత్తింది. అతను ఎలుక వంక చూశాడు. ఫోను మోగుతూనే ఉంది. పొట్టలో కుట్టిన గుండెకి రక్తనాళాలు కలుపుతారు గానీ నరాలు కలపరు, నరం లేని గుండెకి ఉలికిపాటు తెలీదు, పక్కన పిడుగు పడినా దాని పాటికి అది కొట్టుకుంటుంది. మరి ఉలిక్కిపడిందెవరు? కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ మొదటి రోజు చెప్పే పాఠం అది, ఎక్కువ ఒత్తకండి, ఒత్తితే మీ వేలి నాడే మీకు వినిపిస్తుంది, అనుమానం వస్తే రెండో చేత్తో మీ మెడ పట్టుకుని చూసుకోండి, రెండూ కలిసి కొట్టుకుంటే అది ఎలుకది కాదు, మీది. ఎన్నోసార్లు చెప్పాడు, నవ్వుతూ చెప్పాడు, ఆశపడి వెతికితే చచ్చినదానిలో కూడా దొరుకుతుంది అని హాస్యమాడాడు. మొండిదాన్ని ఒళ్ళో పెట్టుకుని రెండో చెయ్యి మెడ కిందికి పోనిచ్చాడు. దబ్, దబ్, మెడలోనూ వేళ్ళలోనూ, ఒకటే, ఒక్కటే. వేళ్ళు సడలించి, ఊరికే ఆనించి చూశాడు. గట్టి ఉండ. చల్లగా ఏం లేదు, ఎలుక ఒంటి వెచ్చదనమే, కానీ కదలిక లేదు. ఎప్పుడాగింది? నిన్ననా, మొన్ననా, మేడం ఊరెళ్ళిన రోజునా, లేక అంతకు ముందే, అన్నం కలుపుతూ చెల్లెలు అడిగిన ఆ రోజుకే ఆగిపోయిందా? ఎన్ని పొద్దులు తన గుండె తనే పట్టుకుని చూసుకుని, ఉంది ఉంది అని ఊరంతా చెప్పాడు?

ఫోను తీశాడు. చేతులు వణుకుతున్నాయి, ఏ మందూ లేకుండానే.

"ఏంటి, ఇంతసేపు? చూశావా?" చెల్లెలి గొంతు నీరసంగా ఉంది, కానీ అందులో ఆ పందెం ఉత్సాహం ఉంది.

"ఆగిపోయిందే."

ఒళ్ళోంచి జారబోయిన ఎలుకని రెండో చేత్తో పట్టుకున్నాడు.

"విన్నావా? ఆగిపోయింది. సరేనను. డాక్టరు రాగానే సరేనను."

"నీ గొంతేంటి అలా ఉంది?"

"ఏం లేదు. నిజంగా ఆగిపోయిందే. ఇప్పుడే తెలిసింది. నేనే పొరబడ్డాను, నా వేలి నాడిని దాని గుండె అనుకున్నా, ఇన్నాళ్ళూ..."

నవ్వింది. ఆయాసంతోనే నవ్వింది. "ఎలుకల డాక్టరుగారూ, కాస్త నమ్మేట్టు అల్లొచ్చుగా? ఇన్నేళ్ళ నుంచి అదే పని చేస్తున్నావు, నీ నాడికీ దాని గుండెకీ తేడా తెలీదా నీకు?"

"తెలీలేదే. నిజం. నీ మీదొట్టు."

"ఛీ. నా మీద ఒట్టేసి మరీనా?" ఈసారి నవ్వు లేదు. "నిన్న నేనడిగినప్పుడు నీకు అబద్ధం రాలేదు చూడు, అప్పుడే నమ్మాను. రాత్రంతా కూర్చుని నేర్చుకున్నావా? అంటే కొట్టుకుంటోందన్నమాట. అంతేగా?"

"లేదే కందిరీగా, నా మాట విను, అది చచ్చిపోయింది, ఎప్పుడో చచ్చిపోయింది, మందు లేకుండా ఒక్కటి కూడా మిగల్లేదు, ఒక్కటి కూడా..."

"ఏడవకు అన్నయ్యా. నాకేం కాదు. ఉండు, వచ్చాడు."

ఫోను పెట్టెయ్యలేదు, ఒళ్ళో పడేసినట్టుంది, గుడ్డ రాసుకున్న చప్పుడు, దూరంగా బూట్లు, ఒక మంచం చక్రాలు కిర్రుమనడం. ఎలా ఉన్నారమ్మా అని మగగొంతు. బానే ఉన్నానండీ. ఏం ఆలోచించుకున్నారు? అతను మాస్కు కిందికి లాగేసి, ఫోను నోటికి ఆనించుకుని, డాక్టర్ గారూ అని అరిచాడు, ఫోను ఆయనకివ్వవే, ఒక్కసారి ఆయనకివ్వు, నేను మాట్లాడతాను, ఆగిపోయింది డాక్టర్ గారూ. ఆ దుప్పటి మడతల్లో అతని గొంతు ఎవరికి వినిపిస్తుంది. చెల్లెలి గొంతు మాత్రం అతనికి స్పష్టంగా వినిపించింది, కొట్లో గిరాకీతో మాట్లాడేటప్పటిలా మర్యాదగా, నిదానంగా, కాస్త గర్వంగా. "మా అన్నయ్య ఈ పనిలోనే ఉన్నాడండీ. మందు లేకుండా బతికింది వాళ్ళ దగ్గర ఒకటుంది, ఈ పొద్దున కూడా చూశాడు. ఇంజెక్షన్లు వద్దండీ."

చెల్లీ అని మళ్ళీ అరిచాడు, ఈసారి గది మొత్తం దద్దరిల్లేలా. ఒళ్ళో ఎలుక బెదిరిపోయి అతని చెయ్యి గోళ్ళతో పట్టుకుంది. పక్కటెముకల కింద దాని సొంత గుండె దడదడలాడిపోయింది, పొట్టలో ఏమీ కదల్లేదు.